సమానత్వమే బలం

ఋణదాత మాటకు ఎదురుండదనేది లోకరీతి. 1944 నాటి బ్రెటన్‌వుడ్స్ సమావేశంలో రూపుదాల్చిన అంతర్జాతీయ ద్రవ్యనిధిలో కీలక నిర్ణయాలకు 85 శాతం ఓట్లు అవసరం. 16 శాతానికి పైగా ఓట్లు గల అమెరికా కాదంటే అవి ముందుకు సాగవు.

ఈ అసమానతను ఎదిరించాలంటే వర్ధమాన దేశాలు సొంత సంస్థలను నిర్మించుకోవాలి. బ్రెజిల్, రష్యా, భారత్, చైనా, దక్షిణాఫ్రికాలు 2014లో కుదుర్చుకున్న ఒప్పందంతో ఏర్పడిన నూతన అభివృద్ధి బ్యాంకు అటువంటి ప్రయత్నమే. ఆ అయిదు దేశాలకూ అందులో సమానమైన ఓటుంది. ఎవరికీ వీటో లేదు.

అయినా ఆ బ్యాంకు మూలధనాన్ని సైతం డాలర్లలోనే లెక్కిస్తున్నారు. పైగా, తక్కిన నాలుగు దేశాల ఆర్థికవ్యవస్థలను కలిపినా చైనాకు సాటిరావు. కనుక ఒక ఆధిపత్యం స్థానంలో మరొకటి తలెత్తకుండా కాపాడుకున్ననాడే ఈ ప్రతిఘటన సార్థకమవుతుంది.