మొద్దు అన్నదెవరు?

నలుగురిలో కలవడం కష్టమయ్యే ఆటిజం, చదవడం రాయడం తిప్పలయ్యే డిస్లెక్సియా ఉన్న ఉద్యోగులకు సద్దులేని చోటు, రాసిచ్చిన సూచనలు, ఇంకొంత టైము కావాలి. ఇది దయ కాదు, హక్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం హైటెక్ సిటీ ప్రైవేటు కంపెనీ సైతం సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. సర్కారు కొలువుల్లో వికలాంగులకు 4 శాతం రిజర్వేషన్, అందులో వీరికీ వాటా ఉంది. ప్రైవేటులో వీరికీ లేదు, దళితులకూ లేదు.

అసలు ఆ గేటు దాకా చేరేదెవరు? ఉన్నోళ్ల పిల్లకు అక్షరం కుదరకపోతే డాక్టరు, సర్టిఫికెట్. వాడ పిల్లకు కుదరకపోతే ‘మొద్దు’ అన్న పేరు, కూలిపని. ఇబ్బంది ఒక్కటే, పుట్టిన చోటే తేడా. ఇదేనా మీ మెరిట్?

ప్రతి సర్కారు బడిలో ఈ పిల్లల్ని గుర్తించాలి. సర్టిఫికెట్ ఊరికే రావాలి. ప్రైవేటులో రిజర్వేషన్ ఇవ్వాలి. అడుగుదాం, కొట్లాడుదాం!