ఏడాదికి నాలుగు సినిమాలు చూసే ఇంటికి ఏది గిట్టుబాటు? థియేటరా, ఓటీటీనా, అద్దె సినిమానా?

దిల్‌సుఖ్‌నగర్‌లో వెంకటాద్రి థియేటర్ దగ్గర అంటే చాలు, ఆటోవాలాకు అడ్రస్ అర్థమైపోతుంది. ఎల్బీనగర్ దాటి వనస్థలిపురం వెళ్తే సుష్మ, సంపూర్ణ. సినిమా హాళ్ల పేర్లతో దారి చెప్పుకునే ఏరియా ఇది. అయినా ఇక్కడ సంక్రాంతికి ఒకటి, పిల్లల పరీక్షలయ్యాక ఒకటి అన్నట్టు ఏడాదికి మూడు నాలుగు సినిమాలతో సరిపెట్టుకునే ఇళ్లూ ఉన్నాయి. అలాంటి వాళ్లకు ఇప్పుడు ఏది గిట్టుబాటు?

ముందు థియేటర్ లెక్క చూద్దాం. 2021 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవో 120 ప్రకారం మల్టీప్లెక్స్‌లో మామూలు సీటు గరిష్ఠంగా 250 రూపాయలు, ఏసీ సింగిల్ స్క్రీన్‌లో 150. జీఎస్టీ అదనం. టికెట్ 100 దాటితే 18 శాతం. అంటే మల్టీప్లెక్స్‌లో సీటు 295, నలుగురికి 1,180. సింగిల్ స్క్రీన్‌లో అయితే 708. పాప్‌కార్న్ ఇంకా కొననే లేదు! పెద్ద హీరో సినిమాకు స్పెషల్ పర్మిషన్ వచ్చిందంటే ఈ లెక్క కూడా పనికిరాదు. 2024 డిసెంబర్‌లో 'పుష్ప 2' బెనిఫిట్ షోకు ఉన్న రేటు మీద మరో 800 వసూలు చేసుకోవడానికి అనుమతి ఇచ్చారు.

మరి ఓటీటీ? ప్రైమ్ ఏడాది ప్లాన్ 1,499 అనుకుంటే, నాలుగు సినిమాలే చూసే ఇంటికి ఒక్కోటి 375 పడుతుంది. థియేటర్ కంటే నయమే. కానీ మనకు కావాల్సిన నాలుగు సినిమాలూ ఒకే యాప్‌లో ఉండవు కదా! ఒకటి నెట్‌ఫ్లిక్స్‌లో, ఇంకోటి ఆహాలో. పైగా ఆటో పే. డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ పంపాలని ఆర్‌బీఐ రూల్ ఉంది, పంపుతారు కూడా. ఆ మెసేజ్ చదివేదెవరు?

ఇక మిగిలింది అద్దె. ఇదేమీ కొత్త కాదు. టీవీ, వీసీఆర్, రెండు మూడు క్యాసెట్లు ఒక్క రాత్రికి అద్దెకు తెచ్చుకుని తెల్లవార్లూ చూసిన తరం మనింట్లోనే ఉంది. ఇప్పుడు అదే పని యాప్‌లో. ప్రైమ్ వీడియో 2022 ఏప్రిల్‌లో మన దేశంలో అద్దె సినిమాలు మొదలుపెట్టింది, ధర 69 నుంచి. మెంబర్‌షిప్ అక్కర్లేదు. ఆ తర్వాతి నెలలోనే 'కేజీఎఫ్ 2'ను 199కి ఇచ్చింది. 2025 ఆగస్టు 1న ఆమిర్ ఖాన్ 'సితారే జమీన్ పర్'ను యూట్యూబ్‌లో 100 రూపాయలకే పెట్టారు. నలుగురు కూర్చుని చూస్తే మనిషికి పాతిక.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మన కొత్త తెలుగు సినిమాలు ఇలా అద్దెకు రావడం అరుదు. నిర్మాతకు ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి హక్కులు కొన్న ఓటీటీ సంస్థ, ఆ సినిమా కోసం జనం ఏడాది ప్లాన్ తీసుకోవాలనే చూస్తుంది. వందకే దొరికితే ప్లాన్ ఎవరు కొంటారు? 2022 మేలో 'ఆర్ఆర్ఆర్' విషయంలో జీ5 అద్దె పద్ధతి ప్రకటించింది. చందా కట్టినవాళ్లు కూడా మళ్లీ కట్టాలా అని గొడవ మొదలైంది. చివరికి అద్దె తీసేసి, మే 20 నుంచి సబ్‌స్క్రైబర్లందరికీ ఇచ్చేశారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ చందా లేనివాళ్లకు మాత్రం అద్దెకు ఇచ్చి ఉండొచ్చు. ఆ దారి ఇప్పటికీ ఎవరూ సరిగ్గా తెరవలేదు.

ఈ ఖాళీలోకి వచ్చిందే పైరసీ. 2025 నవంబర్‌లో ఐబొమ్మ నిర్వాహకుడంటూ ఒకరిని హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు అరెస్టు చేస్తే, సోషల్ మీడియాలో చాలామంది టికెట్ రేట్లు ఎత్తిచూపుతూ అతన్నే వెనకేసుకొచ్చారు. దొంగతనం దొంగతనమే. అలాంటి సైట్లు బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లిస్తున్నాయని పోలీసులూ చెప్పారు. అయినా వంద రూపాయలు కట్టడానికి సిద్ధంగా ఉన్నవాడికి కట్టే చోటే లేకపోవడం ఇండస్ట్రీ చేసుకున్నదే.

అద్దెకు తీసుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు తెలుగు ఆడియో ఉందో లేదో చూసుకోవాలి. ఐఫోన్‌లో రేటు వేరుగా ఉండొచ్చు. 'సితారే జమీన్ పర్' ఆపిల్ ఫోన్లలో 179 చూపిస్తే నిర్మాణ సంస్థ సారీ చెప్పాల్సి వచ్చింది. యూట్యూబ్‌లో అయితే డబ్బు కట్టాక మొదలుపెట్టడానికి సాధారణంగా 30 రోజుల టైమ్ ఉంటుంది. ప్లే నొక్కాక మాత్రం 48 గంటలే. శనివారం రాత్రి 9కి నొక్కితే సోమవారం రాత్రి 9కి సినిమా మాయం.