చెడిన ప్రతులు చెప్పిన కథ

సామాన్య పాఠకుల కోసం వచ్చే జీవశాస్త్ర గ్రంథాలలో బొమ్మకు దక్కే గౌరవం కాస్త ఎక్కువేమోనని నాకు చాలాకాలంగా అనుమానం. రంగు రిబ్బన్లు చుట్టినట్టుండే ప్రోటీను చిత్రం ఒకటి వేస్తారు, ఇక్కడ ఈ పని, అక్కడ ఆ పని అని బాణం గుర్తులు పెడతారు. ఆ చిత్రం దొరికిన రోజునే ముడి విడిపోయినట్టు కథనం సాగుతుంది. ఏ భాగం ఏ పని చేస్తుందో తేల్చడంలో ముందు నడిచినవి చెడిపోయిన ప్రతులు, బొమ్మ తరవాత వచ్చింది. బాక్టీరియాలోని రెక్‌ఏ ప్రోటీను చరిత్ర చదివితే నా మాట అతిశయోక్తి కాదని తెలుస్తుంది.

డీఎన్ఏ రెండు పోగులూ ఒకచోట తెగిపోతే, కణం దాన్ని ఊహించి అతకలేదు. అదే పాఠం ఉన్న మరో ప్రతి కావాలి. తెగిన చోట విడివడిన ఒంటి పోగు వెంట రెక్‌ఏ అణువులు వరసగా పేరుకుని ఒక దండలా తయారవుతాయి. ఆ దండే రెండో ప్రతిలో తనకు సరిపోయే చోటును వెతికి పట్టుకుని, పోగులు మార్పిస్తుంది. దీనినే పునస్సంయోజనం అంటారు. ఇంత పని చేసే ఈ ప్రోటీను పొడవు 352 అమైనో ఆమ్లాలు మాత్రమే.

1965లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలో క్లార్క్, మార్గులీస్ అనే ఇద్దరు పునస్సంయోజనం చేతకాని ఈ.కోలై కోసం వెతికారు. వారి చేతిలో ప్రోటీనూ లేదు, చిత్రమూ లేదు. దొరికిన బాక్టీరియాలు అతినీలలోహిత కిరణాలకు కూడా ఇట్టే చచ్చిపోయేవి. ప్రతులు కలపడం, గాయం మాన్పడం ఒకే చేతి పనులన్న సంగతి ఆ విధంగా బయటపడింది. ఆరోగ్యంగా ఉన్న బాక్టీరియాను ఎంతకాలం పరికించినా ఈ సంగతి తెలిసేది కాదు.

తరవాతి సంవత్సరాలలో ఒక్కొక్క ప్రతిలో ఏ అక్షరం మారిందో తేలసాగింది. రెక్‌ఏ1 అనే ప్రతిలో 160వ స్థానంలోని గ్లైసీను పోయి ఆస్పార్టిక్ ఆమ్లం వచ్చింది. ఆ ఒక్క మార్పుతో ప్రోటీను పోగులు మార్చే శక్తిని పోగొట్టుకుంది. (డీహెచ్5ఆల్ఫా పేరుతో ప్రపంచంలోని ప్రయోగశాలలన్నీ వాడుకునే ఈ.కోలైలో ఉన్నది ఈ చెడిన ప్రతే. దాచిపెట్టిన డీఎన్ఏను ఆ బాక్టీరియా తారుమారు చేయకుండా ఉండాలని కోరి పెట్టుకున్న లోపం అది.) 38వ స్థానంలో మార్పు వస్తే కథ తలకిందులవుతుంది. గాయమేదీ లేకపోయినా కణం నిరంతరం ప్రమాద ఘంట మోగిస్తూనే ఉంటుంది. ఇటువంటి ప్రతుల వెంటపడి ఆ ఘంట తీరును అర్థం చేసుకున్నవారిలో ఎవలిన్ విట్కిన్ అగ్రగణ్యురాలు.

ఇక బొమ్మ సంగతి. యేల్ విశ్వవిద్యాలయంలో స్టోరీ, వెబర్, స్టైట్జ్ 1992లో రెక్‌ఏ స్ఫటిక నిర్మాణాన్ని ప్రకటించారు. నిస్సందేహంగా గొప్ప పని. కాని ఆ చిత్రంలో రెండు చోట్ల గీత తెగిపోయింది. 157 నుంచి 164 వరకు, 195 నుంచి 209 వరకు ఉన్న రెండు మెలికలు కుదురుగా నిలవక కనిపించలేదు. డీఎన్ఏను పట్టుకునేవి అవేనేమోనని పరిశోధకులు ఊహించారు. 160 ఎక్కడుందో చూడండి: కనిపించని మొదటి మెలికలోనే! బొమ్మలో ఖాళీగా మిగిలిన చోటు ఎంత ముఖ్యమో 1980లలోనే చెడిన ప్రతి సాక్ష్యం చెప్పి ఉంది. 2008లో పావ్లెటిచ్ బృందం డీఎన్ఏతో కూడిన రెక్‌ఏ దండను స్ఫటికంలో చూపించినప్పుడు ఆ మెలికలు డీఎన్ఏను తాకుతూ కనబడ్డాయి.

మరో సాధనం కూడా ఉంది, అది తెలుగు పాఠకుడికి పరిచితమైనదే. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల ప్రతులు తెప్పించి పండితుల చేత పోల్పించినట్టు, రకరకాల బాక్టీరియాల రెక్‌ఏలను పక్కపక్కన పెట్టి ఎక్కడా మారని అక్షరాలను గుర్తిస్తారు. ఒక తేడా ఉంది. తాటాకు మీద తప్పు పాఠం కూడా వందల ఏళ్లు బతుకుతుంది. బాక్టీరియాలో పని చెడగొట్టే తప్పు చాలావరకు తనను రాసుకున్న జీవితో పాటే పోతుంది. అందుకే మారని అక్షరానికి అంత విలువ. అయినా అది ముఖ్యమని మాత్రమే తెలుస్తుంది, దేనికి ముఖ్యమో తెలియదు.

చెడగొట్టి చదవడంలోనూ మోసముంది. అక్షరం మార్చగానే ప్రోటీను పని మానేస్తే, అది ఆ పని చేసే చోటే కానక్కరలేదు. మడతే సరిగా పడకపోయి ఉండవచ్చు. అందుకే మంచి పరిశోధకుడు చెడిన ప్రోటీనును శుద్ధి చేసి, ఏటీపీని పట్టుకుంటుందా, విరుస్తుందా, డీఎన్ఏను పట్టుకుంటుందా అని విడివిడిగా అడుగుతాడు. 72వ లైసీనును ఆర్జినీనుగా మారిస్తే రెక్‌ఏ ఏటీపీని పట్టుకుంటుంది, విరవడం దాదాపు మానేస్తుంది. అయినా కొంతమేర పోగులు మార్చగలదు. పట్టుకోవడం వేరు, విరవడం వేరు అని నేర్పింది ఆ ప్రతే. చివరి 17 అమైనో ఆమ్లాలు కత్తిరిస్తే ఇంకా వింత: ప్రోటీను మరింత చురుకవుతుంది. ఆ తోక పనికిరానిదనుకుంటే పొరపాటు, పగ్గం పట్టుకోవడమే దాని పని.

వైద్యుడికి ఇవన్నీ ఎందుకంటారా? మేము రాసే సిప్రోఫ్లాక్సాసిన్ బాక్టీరియా డీఎన్ఏను గాయపరుస్తుంది. గాయం దగ్గర రెక్‌ఏ దండ కడుతుంది, ఆ దండ ప్రోద్బలంతో లెక్స్‌ఏ అనే కాపలా ప్రోటీను తనను తాను తెంచుకుంటుంది, తప్పులు చేసే పాలిమరేజ్‌లు రంగంలోకి దిగుతాయి. ఆ తప్పులలో ఒకటి మందుకు లొంగనిది కావచ్చు. లెక్స్‌ఏ తెగకుండా ఆపిన ఈ.కోలై, ఎలుకలలో సిప్రోఫ్లాక్సాసిన్‌కు నిరోధకత పెంచుకోలేకపోయిందని 2005లో ఒక పరిశోధన చూపించింది. రెక్‌ఏనే అడ్డుకునే మందు కావాలన్న ఆశ సహజమే. కాని ఏటీపీ ఉండే నడిమి భాగం మన కణాలలోని రాడ్51కూ ఉంది. బీఆర్‌సీఏ2తో కలిసి మన డీఎన్ఏను బాగుచేసే ప్రోటీను అది. రెక్‌ఏ చివరి భాగం రాడ్51లో లేదు, దానికి మొదట్లో వేరే భాగం ఉంది. గురి నడిమి గూటి మీద పెట్టాలా, తోక వైపు పెట్టాలా అన్న ప్రశ్నకు ఒక్క బొమ్మ చూసి జవాబు చెప్పేవారిని నేను నమ్మను.