సార్ లేరా మేడం?

ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోతే మొదట ఎవరికి తెలుస్తుంది? ఆఫీసుకి వెళ్లిన మనిషికి మాత్రం కాదు. ఆన్‌లైన్ ట్యూషన్ మధ్యలో తెగిపోతే పిల్లలు "అమ్మా" అనే అరుస్తారు. టీవీలో సీరియల్ ఆగి గుండ్రంగా తిరుగుతుంటే అత్తయ్య పిలిచేదీ మనల్నే. బాక్సు మీద ఏ లైటు పచ్చగా ఉంది, ఏది ఎర్రగా ఉంది అని చూసేది మనం. రిపేరు అబ్బాయి వస్తే స్టూలు వేసి, మంచినీళ్లిచ్చి, పని అయ్యేదాకా దగ్గరుండేది మనం. ఇంతా చేసి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే అటునుంచి వచ్చే మొదటి మాట ఏమిటో మీకూ తెలుసు. "సార్ లేరా మేడం?"

ఈ మాట మీద నాకు చాలా కాలంగా కోపం ఉంది. మర్యాదగా అన్నా సరే, ఆ మాటకి అర్థం ఒకటే: నీకు తెలియదు, తెలిసినవాళ్లని పిలువు.

మొన్నటి వానల్లో మా ఇంట్లో నాలుగు రోజులు నెట్ లేదు. ఫోన్ చేసి, ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు వెలుగుతోంది, అంటే ఫైబర్ తీగలో వెలుగు మా బాక్సుదాకా రావడం లేదు, బయట ఎక్కడో తీగ దెబ్బతిని ఉంటుంది, చూడండి అని చెప్పాను. "బాక్సు ఆపి మళ్లీ వేయండి మేడం" అన్నారు. తెగిన తీగ బాక్సు ఆపి వేస్తే అతుక్కుంటుందా? ఆ తరవాత, రిజిస్టర్డ్ నంబర్‌కి ఓటీపీ వెళ్లింది, చెప్పండి అన్నారు. ఆ నంబర్ మావారిది. ఆయన మీటింగులో ఉన్నారు. సాయంత్రం ఆయన ఇంటికొచ్చి ఓటీపీ చెప్పేదాకా ఫిర్యాదు కూడా నమోదు కాలేదు. చీకటి పడ్డాక మా ఆయన ఫోన్‌లో వాళ్లకి చెప్పిందేమిటి? పొద్దున నేను చెప్పిన ముక్కే.

మనం అడిగేవి తెలివితక్కువ ప్రశ్నలు కావు. ప్రతి ఇంట్లోనూ ఇవే ప్రశ్నలు. రెండు ముక్కల్లో చెప్పగలిగిన జవాబులే, కానీ చెప్పరు.

మొదటిది: "వంద స్పీడు అన్నారు, సినిమా డౌన్‌లోడ్ చేస్తే పన్నెండే చూపిస్తోందేం?" వాళ్లు అమ్మేది మెగాబిట్లలో, మన కంప్యూటర్ చూపించేది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. వందని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. మోసం ఏమీ లేదు, కొలత వేరు. శేరుకీ కిలోకీ తేడా తెలిసిన మనకి ఇది అర్థం కాదా? చెప్తేగా అర్థమయ్యేది!

రెండోది: "హాల్లో వస్తుంది, వెనక గదిలో ఎందుకు రాదు?" బిగించడానికి వచ్చిన అబ్బాయి తీగ ఆదా అవుతుందని గుమ్మం పక్కన, చెప్పుల స్టాండ్ పైన రౌటర్ పెట్టి పోతాడు. దాంట్లో రెండు రకాల సిగ్నల్స్ ఉంటాయి. 2.4 గిగాహెర్ట్జ్‌ది దూరం వెళ్తుంది కానీ నెమ్మది. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం కానీ గోడ అడ్డొస్తే నీరసిస్తుంది. మైక్రోవేవ్ ఓవెన్ నడుస్తుంటే మొదటిదానికి అడ్డు తగులుతుంది కూడా. ఇల్లు మధ్యలో, కాస్త ఎత్తులో పెట్టమని ఆ రోజే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. అది చెప్పరు, ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోమని చెప్తారు. గోడ అడ్డం ఉంటే పెద్ద ప్లాన్ గోడని పగలగొడుతుందా?

మూడోది: "అన్‌లిమిటెడ్ అన్నారు, నెలాఖరుకి నత్తనడక నడుస్తోందేం?" ఫెయిర్ యూసేజ్ అని ఒక గీత గీసి ఉంటుంది. ఆ గీత దాటితే స్పీడు తగ్గిస్తారు. ఆ గీత ఎంత, దాటాక స్పీడు ఎంత అన్నది ముందే చెప్పి తీరాలని ట్రాయ్ ఆదేశాలున్నాయి. చెప్పామనే అంటారు, చీమ తల కన్నా చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో. ధర కూడా అంతే. బోర్డు మీద ఒక అంకె, బిల్లులో 18 శాతం జీఎస్టీ కలిసిన ఇంకో అంకె.

వాళ్లు చెప్పని అసలు సంగతులు ఇంకొన్ని ఉన్నాయి. ఫిర్యాదు చేయగానే డాకెట్ నంబర్ ఇవ్వాలి. మరమ్మతు మూడు రోజులు దాటితే బిల్లులో తగ్గింపు ఇవ్వాలన్న నియమం 2006 నాటి నుంచీ ఉంది. కాల్ సెంటర్ వాళ్లు తేల్చకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీ అని పైమెట్టు ఒకటుంది. దానికి పైసా కట్టక్కర్లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ మన ఒక్కొక్కరి తగువూ తీర్చదు, కాబట్టి ఈ మెట్లు మనం ఎక్కాల్సిందే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక కంపెనీ పెడుతుందా? నేను డాకెట్ నంబర్ చూపించి అడిగాను. తరవాతి బిల్లులో వారం రోజుల డబ్బు తగ్గింది. చిన్న మొత్తమే, నాలుగు కూరగాయలొస్తాయంతే. కానీ అది మా డబ్బు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఇదంతా తెలిసినా ఆ కనెక్షన్ మన పేరున లేకపోతే మన మాటకి విలువ లేదు. "ఎవరి పేరున ఉంటే ఏమైంది, ఇల్లంతా ఒకటే కదా" అని చాలామంది అంటారు. ఆడవాళ్లే ఎక్కువ అంటారు. ఒకటే అయితే మన పేరున ఉంటే మాత్రం నష్టమేమిటి? 2013 నాటి ఆహార భద్రత చట్టం ఏం చెప్పింది? పద్దెనిమిదేళ్లు నిండిన ఆడవాళ్లలో పెద్దావిడే రేషన్ కార్డుకి ఇంటి పెద్ద అని. ఉజ్వల గ్యాస్ కనెక్షన్లు కూడా ఆడవాళ్ల పేర్లతోనే ఇస్తున్నారు. పొయ్యి దగ్గరుండేది ఎవరో ప్రభుత్వానికి తెలిసింది. బియ్యానికీ గ్యాసుకీ ఇంటి పెద్దనైన నేను, వైఫైకి వచ్చేసరికి సార్ గారి భార్యని మాత్రమేనా?

ఓటీపీ భద్రత కోసమే కదా అని మీరు అనవచ్చు. నిజమే, ఎవరు పడితే వాళ్లు ఫోన్ చేసి ఖాతా మార్చేయకూడదు. నేను ఓటీపీ వద్దనడం లేదు. అది ఇంట్లో ఉండే మనిషి ఫోన్‌కి రావాలంటున్నాను.

ఇది నెట్‌తో ఆగదు. ఇంటినుంచి చిన్న వ్యాపారం చేసుకునే ఆడవాళ్ల విషయంలో ఇంకా ఘోరం. నాకు తెలిసిన ఒకావిడ పొడులు, పచ్చళ్లు చేసి అమ్ముతారు. వెబ్‌సైట్ ఉంటే బాగుంటుందని బంధువుల అబ్బాయికి డబ్బిచ్చి చేయించుకున్నారు. ఆ అబ్బాయి డొమైన్ తన పేరున, తన ఈమెయిల్‌తో రిజిస్టర్ చేశాడు. తరవాత వేరే దేశం వెళ్లాడు. రెన్యూ చేయమన్న మెయిల్స్ అతనికే వెళ్లాయి, అతను చూడలేదు. ఒకరోజు సైటు మాయం. నాలుగేళ్లు డబ్బాల మీద అచ్చు వేయించుకున్న పేరు అది.

ఇందులో కూడా తెలియాల్సింది కొంచెమే. డొమైన్ అంటే కొట్టు మీది బోర్డులో పేరు. హోస్టింగ్ అంటే కొట్టు గది అద్దె. రెండూ వేరు వేరు, ఒక్కచోటే కొనాలని లేదు. మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి రెండో ఏడాది రెన్యువల్‌కి బోలెడు వసూలు చేస్తారు, కాబట్టి కొనేముందు అడగాల్సింది రెన్యువల్ ధర. డాట్ కామ్ లాంటి పేరు గడువు తీరి రద్దయ్యాక కూడా ముప్ఫై రోజులు అదనపు రుసుముతో వెనక్కి తెచ్చుకునే వీలుంటుంది. ఆ పైన ఐదు రోజులకి అది ఎవరైనా కొనుక్కోవచ్చు. కానీ ఇవన్నీ చేయగలిగేది రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో వాళ్లే. పచ్చడి కలిపిన చేతికి ఆ హక్కు లేదు.

అందుకని చెప్తున్నాను. ఈ నెల బిల్లు తీసి పేరు ఎవరిదో చూడండి. మార్పించుకోవడానికి ఏ కాగితాలు కావాలో కంపెనీని అడగండి. అది ఆలస్యమైతే కనీసం మీ నంబర్ కలిపించండి. మీ వ్యాపారానికి సైటు ఉంటే, డొమైన్ మీ పేరున, మీ ఈమెయిల్‌తో ఉందో లేదో ఈ రోజే అడగండి. తమ్ముడైనా, మరిదైనా, కొడుకైనా మొహమాటపడకండి. చేసిపెట్టినందుకు అతనికి భోజనం పెట్టండి, డబ్బివ్వండి, పేరు మాత్రం మీది పెట్టించుకోండి.

కంపెనీల వాళ్లకి కూడా ఒక మాట. ఫోన్ ఎత్తగానే సార్ కోసం వెతక్కండి. ఏ లైటు వెలుగుతోందో అడగండి, చెప్తాం.