ఎవరిని అడగాలి?

వైకల్యం గల వ్యక్తి ప్రభుత్వ సహాయం కోరి వెళ్ళినపుడు మొదట ఎదురయ్యే ప్రశ్న “ఎంత శాతం?” అన్నది. జనగామ జిల్లా పల్లెల నుండి సదరం శిబిరానికి వచ్చేవారికీ ఇదే అనుభవం. నిర్ణీత శాతం ఉన్నట్లు ధ్రువపత్రం అందితే పింఛనుకు అర్హత లభిస్తుంది. తెలంగాణలో దివ్యాంగుల ఆసరా పింఛను 2014లో 1500 రూపాయలతో మొదలై, 2019లో 3016కు, 2023లో 4016కు పెరిగింది. పేద కుటుంబానికి ఆ సొమ్ము చిన్నదేమీ కాదు. అయితే శాతం లోపాన్ని కొలుస్తుందే గాని, ఆ మనిషి ఎలా జీవించగోరుతున్నాడో చెప్పదు.

జనగామ సమీపంలోని పెంబర్తి లోహకళకు పేరొందిన గ్రామం. వినికిడి లేని యువకుడొకడు అక్కడ ఇత్తడి రేకుపై చిత్రాలు చెక్కడం నేర్వాలని ఆశించాడనుకుందాం. ఆ పనికి కన్నూ, చేయీ ప్రధానం. అతనికి కావలసింది, సైగలతో బోధించే ఓర్పు గల గురువు. అంతే శాతం వైకల్యం గల యువతి డిగ్రీ చదవాలనుకుంటే, ఆమెకు తరగతిలో సంజ్ఞాభాష తెలిసిన సహాయకులు కావాలి. ధ్రువపత్రాలలో అంకె ఒకటే, అవసరాలు వేరు. వారినే అడిగితే తప్ప ఈ భేదం తెలియదు.

మన చట్టం ఈ మాటను గుర్తించకపోలేదు. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను పేర్కొనగా, 2016 నాటి చట్టం ఇరవై ఒకటింటిని గుర్తించింది. అధిక సహాయం అవసరమైనవారు దానికై దరఖాస్తు చేసుకొనే వీలు కల్పించింది. ఎక్కడ, ఎవరితో నివసించాలో ఎంచుకొనే హక్కు వైకల్యం గలవారికీ ఉన్నదని 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక చాటింది. భారతదేశం 2007లోనే దానిని ఆమోదించింది.

“బుద్ధిమాంద్యం గలవారిని ఏమని అడుగుతాం?” అని కొందరి ఆక్షేపణ. మాట రానంత మాత్రాన ఇష్టాయిష్టాలు లేకుండా పోతాయా? బిడ్డ ఏ ముద్దను త్రోసివేస్తాడో, ఎవరిని చూచి నవ్వుతాడో తల్లికి తెలుసు. బొమ్మలు చూపి అడగవచ్చు. 2016 చట్టం చెప్పిన పరిమిత సంరక్షకత్వంలోనూ సంరక్షకుడు ఆ వ్యక్తి అభీష్టాన్ని అనుసరించి, అతనితో కలిసి నిర్ణయం తీసుకోవాలి. అతనికి బదులుగా తానే నిర్ణయించడం కాదు.

ఆ తల్లిని వేధించే ప్రశ్న మరొకటి ఉన్నది: “నా తరువాత వీడికెవరు?” పింఛను ఒక్కటే దీనికి సమాధానం కాజాలదు. మండలానికొక శిక్షణ పొందిన కార్యకర్త ఆ ఇంటికి వెళ్ళి, తీరికగా కూర్చొని, ఆ వ్యక్తి దినచర్యనూ, కోరికలనూ, నమ్మదగిన బంధుమిత్రుల పేర్లనూ వ్రాసుకోవాలి. ఖర్చు అధికమని అధికారులు అనవచ్చు. కాని ఆశా కార్యకర్తలూ, మహిళా సంఘాలూ ఊరూరా ఉన్నారు. వారి తోడ్పాటుతో ఈ పని ఆరంభించవచ్చు. ఆ కాగితాన్ని ఆరునెలలకొకసారి ఆ వ్యక్తి ఎదుటనే తిరిగి చదివి, మారిన కోరికలను చేర్చుకోవాలి. తల్లి ఓపిక ఉడగకముందే ఇది జరగాలి.