గంజి, సున్నం, తాతయ్య ట్రంకు పెట్టె

మా నందివెలుగు ఇంట్లో అటక మీద తాతయ్య ట్రంకు పెట్టె ఒకటుంది. మొన్న సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు దించాను. పైన వారపత్రికలు, కింద నవలలు. ఒక నవల తెరిచి పేజీ తిప్పబోతే అది తిరగలేదు, విరిగింది. అప్పడం విరిగినట్టు. చెద లేదు, తడి లేదు. "పాతబడితే అంతేరా" అంది నానమ్మ.

అంతే కాదు. మూడు నాలుగొందల ఏళ్ళ నాటి చేతి కాగితాలు ఇప్పటికీ చక్కగా మడత పడుతున్నాయి. తాతయ్య నవలకి అరవై ఏళ్ళు కూడా లేవు. అంటే తప్పు వయసుది కాదు, తయారీది.

సిరా పాకకుండా కాగితానికి ఏదో ఒకటి పట్టించాలి. మన దేశంలో చేతి కాగితానికి బియ్యపు గంజి పట్టించి, ఎండబెట్టి, నున్నటి రాయితో రుద్దేవాళ్ళు. 1807లో మోరిట్జ్ ఇల్లిగ్ అనే జర్మన్ ఆయన రోజిన్‌ని పటికతో కలిపి గుజ్జులోనే వేసే పద్ధతి చెప్పాడు. చవక, తేలిక, మిల్లులకి తెగ నచ్చింది. పటిక స్థానంలో తర్వాత అల్యూమినియం సల్ఫేట్ వచ్చింది. రెండూ నీటితో కలిస్తే ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం సెల్యులోజ్ గొలుసుని ఏళ్ళ తరబడి ముక్కలు ముక్కలుగా కోస్తూ పోతుంది. 1950లలో అమెరికాలో విలియం బారో పాత పుస్తకాల మీద పరీక్షలు చేసి ఈ సంగతి గట్టిగా చెప్పేదాకా చాలామంది నింద గాలికీ వెలుతురుకీ వేశారు.

విరుగుడు మన వీధిలోనే ఉంది: సున్నం. నీటిలో కలిపిన సున్నంలోకి కార్బన్ డయాక్సైడ్ పంపితే తెల్లటి కాల్షియం కార్బొనేట్ దిగుతుంది. గోడకి వేసిన వెల్ల గట్టిపడేటప్పుడు జరిగేదీ అదే రసాయనం. దీన్ని గుజ్జులో కలిపితే కాగితం తెల్లబడుతుంది, వెనక పేజీలో రాసింది ఇవతలికి కనబడదు, పైగా పుట్టే ఆమ్లాన్ని పుట్టినట్టే మింగేస్తుంది. పటిక కాగితంలో మాత్రం దీన్ని వెయ్యలేం, ఆమ్లానికి నురగలు కక్కి కరిగిపోతుంది. ఆమ్లం అక్కర్లేని కొత్త రకం సైజింగ్ వచ్చాకే దీనికి దారి దొరికింది. ఇప్పుడు మనం జిరాక్సుకి వాడే 80 జీఎస్ఎమ్ ఏ4 కాగితం ఒక్కోటి 5 గ్రాములు. అందులో ఐదో వంతు దాకా ఖనిజమే ఉండొచ్చు. అంటే ఒక రీములో అరకిలో సుద్ద!

ఇక్కడే చిక్కు. కాగితానికి బలం పీచుకీ పీచుకీ మధ్య హైడ్రోజన్ బంధాల వల్ల వస్తుంది. మధ్యలో సుద్ద రేణువు దూరితే ఆ బంధం పడదు. ఫిల్లర్ పెరిగేకొద్దీ కాగితం చిరుగుతుంది, దుమ్ము రాలుతుంది. మన మిల్లులకి వచ్చేది ఎక్కువగా సుబాబుల్, జామాయిల్, సరుగుడు. వాటి పీచు అసలే పొట్టిది. అప్పుడు ఆదుకునేది మళ్ళీ గంజే. పిండిపదార్థమూ సెల్యులోజూ రెండూ గ్లూకోజ్ గొలుసులే, ముడి వేసే తీరే వేరు, అందుకే ఒకదాన్నొకటి బాగా పట్టుకుంటాయి. నీటిలో పీచుకి రుణావేశం ఉంటుంది కాబట్టి గంజికి ధనావేశం తగిలించి వేస్తారు. అది సుద్దని పీచుకి అంటిస్తుంది, తెగిన బంధాల చోట తానే బంధమవుతుంది. రేణువులకి ముందే గంజి పూత వేసి తర్వాత గుజ్జులో కలిపితే, అంతే బలంతో ఇంకా ఎక్కువ ఖనిజం పట్టించవచ్చని పరిశోధనలు చూపాయి. ఆ మేరకు చెట్టు మిగిలినట్టే.

సున్నానికి పిడుగురాళ్ళ ఉంది. గంజికి మా తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర చుట్టుపక్కల వరి కోశాక అదే మాగాణిలో వేసే మొక్కజొన్న ఉంది. నిజాంపట్నం వైపు వెళ్తే రొయ్య పొట్టు. అది పుట్టుకతోనే ఖనిజమూ పాలిమరూ కలిసిన సరుకు, కైటిన్‌తో పాటు కాల్షియం కార్బొనేట్ అందులోనే ఉంటుంది. దాన్నుంచి తీసే కైటోసాన్ కాగితాన్ని గట్టిపరుస్తుంది. ఫైనలియర్ ప్రాజెక్టుల్లో అందరికీ అదే మోజు, పోస్టర్ మీద బాగుంటుంది మరి. నా మటుకు నేను గంజికే ఓటేస్తాను. కైటోసాన్ ఖరీదెక్కువ, కరగాలంటే ఆమ్లం కావాలి. టన్నుల్లో తయారయ్యే కాగితానికి గ్రాముల్లో కొనే మందు ఎందుకు?

అసలు నా కోపం వేరే. అందరూ కాగితాన్ని బరువుతో కొంటారు. బరువు పెంచడానికి సుద్ద దట్టించి, గంజి దగ్గర పిసినారితనం చేస్తే జీఎస్ఎమ్ సరిపోతుంది, పుస్తకం సరిపోదు. దీనికి కొలబద్ద లేక కాదు. ఐఎస్ఓ 9706 అని 1994 నుంచీ ఉంది: పీహెచ్ 7.5కీ 10కీ మధ్య ఉండాలి, కనీసం 2 శాతం కాల్షియం కార్బొనేట్‌కి సమానమైన క్షారం నిల్వ ఉండాలి, ఇంత చిరుగుడు బలం ఉండాలి. అంటే సుద్దా చూస్తుంది, బలమూ చూస్తుంది. నా అలమరలో ఉన్న తెలుగు పుస్తకాల్లో ముఖచిత్రం ఎవరిదో, టైపు ఎవరు చేశారో ఉంది. కాగితం గురించి ఒక్క ముక్క ఒక్కదాంట్లోనూ లేదు.

"స్కాన్ చేసేస్తే పోలా?" అంటాడు మా రూమ్మేట్. చెయ్యాల్సిందే. కానీ స్కాన్ చెయ్యాలన్నా పేజీ తిరగాలిగా. మా పక్కనే వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం ఉంది. అలాంటి చోట పాత పత్రికలు చూడాలని వెళ్ళేవాడికి ముందు కావలసింది తెరిస్తే విరగని కాగితం.

నమ్మకపోతే ల్యాబులో చూడండి. కాగితం ముక్క మీద పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వెయ్యండి. బుడగలొస్తే కార్బొనేట్ ఉన్నట్టు. ఎంత ఖనిజముందో తేలాలంటే మఫుల్ ఫర్నేసులో 525 డిగ్రీల దగ్గర కాల్చి బూడిద తూచండి, 900 దాకా పోతే కార్బొనేట్ కూడా విడిపోయి లెక్క తప్పుతుంది. దుగ్గిరాల పసుపుతో తేల్చేద్దామని నాకూ అనిపించింది గానీ, సున్నపు నీళ్ళకి ఎర్రబడినట్టు ఇంత కొద్ది క్షారానికి నమ్మకంగా ఎర్రబడదు.

మన క్లబ్బు వార్షిక సంచిక ఈసారి అచ్చులో తెస్తామంటున్నారు. అందుకని తెనాలిలో ఒక కాగితాల షాపుకెళ్ళి, ఇది ఆమ్లం కాగితమా కాదా అనడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మ్యాప్లితో కావాలా, క్రీమ్ వోవ్ కావాలా బాబూ?" అన్నాడు. రెండిట్లోనూ చెరో షీటు కొనుక్కొచ్చాను. సోమవారం కెమిస్ట్రీ ల్యాబు ఖాళీగా ఉంది, వచ్చేవాళ్ళు రండి.