మిగిలిన గుడ్డ ఎంత?

తానులో 7 మీటర్ల గుడ్డ ఉంది. ఒక్కో జాకెట్టు ముక్కకి ముప్పావు మీటరు చొప్పున ఎన్ని ముక్కలు వస్తాయి? ఏడో తరగతి పిల్లల్ని అడిగితే 3/4ని తిరగేసి, 4/3తో గుణించి, తొమ్మిదీ ఒకటి బై మూడు అని చకచకా చెప్పేస్తారు. లెక్క సరైనదే. అక్కడితో వదలకుండా ఇంకోటి అడగండి: తొమ్మిది ముక్కలు కత్తిరించాక ఎంత గుడ్డ మిగులుతుంది? ‘మీటరులో మూడో వంతు’ అనేవాళ్లు చాలామంది ఉంటారు. టేపు పెట్టి కొలిస్తే మిగిలేది పావు మీటరే.

మరి ఆ మూడో వంతు ఎక్కడిది? అది మీటరులో వంతు కాదు, జాకెట్టు ముక్కలో వంతు. ముప్పావులో మూడో వంతు పావు. మీటర్లలో ఉన్న గుడ్డని ముక్కల లెక్కలో కొలిచాం కాబట్టి జవాబు కూడా ముక్కల్లోనే వస్తుంది. భిన్నాల భాగహారంలో అసలు విషయమంతా ఇక్కడే ఉంది. మన తరగతి గదుల్లో మాత్రం జవాబు పక్కన ‘ముక్కలు’ అని రాయించే ఓపిక ఎవరికీ ఉండటం లేదు. అంకె సరిపోతే టిక్కు పెట్టేస్తున్నాం.

ఇది పిల్లల లోపం కాదు. గణిత విద్యా పరిశోధకురాలు లిపింగ్ మా 1999లో ప్రచురించిన ఒక పరిశోధన గ్రంథంలో అమెరికా, చైనా ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకి ఒక లెక్క ఇచ్చారు: ఒకటిముప్పావుని అరతో భాగించండి, దానికి సరిపోయే సందర్భం ఒకటి చెప్పండి. చైనాలో 72 మందిలో 65 మంది సరైన సందర్భం చెప్పారు. అమెరికాలో 23 మందిలో చెప్పగలిగింది ఒక్కరే. పలువురు ఆ ఒకటిముప్పావుని ఇద్దరికి సమంగా పంచేశారు. అది రెండుతో భాగించడం అవుతుంది, అరతో భాగించడం కాదు.

మానికలు, తవ్వలు వాడిన మన పెద్దవాళ్లకి ఆ సందర్భం వెతుక్కునే పని ఉండేది కాదు. మానికలో సగం తవ్వ. ఒకటిముప్పావు మానికల బియ్యాన్ని తవ్వతో కొలిస్తే మూడున్నర తవ్వలు. భాగిస్తే అంకె పెరగడమేమిటని అక్కడ ఎవరూ తికమకపడరు, చిన్న పాత్రతో కొలిస్తే ఎక్కువసార్లు కొలవాలి మరి. మానికకి రెండు తవ్వలు కాబట్టే రెండుతో గుణిస్తున్నాం. తిరగేయడం వెనక ఉన్న కారణం ఇదే. గుడ్డకీ ఇదే వర్తిస్తుంది. ఒక్క మీటరులో ఒక పూర్తి ముక్క, ఇంకో ముక్కలో మూడో వంతు వస్తాయి, అంటే 4/3 ముక్కలు. ఏడు మీటర్లకి దానికి ఏడు రెట్లు.

ఇంకో రకం లెక్కలున్నాయి. వాటిలో ‘ఎన్నిసార్లు’ అన్న మాటే రాదు. ట్రాక్టరు ముప్పావు గంటలో ఎకరన్నర దున్నితే గంటకి ఎన్ని ఎకరాలు? ముప్పావు గంటంటే మూడు పావుగంటలు. ఒక్కో పావుగంటకి అరెకరం, నాలుగు పావుగంటలకి రెండెకరాలు. మూడుతో భాగించి నాలుగుతో గుణించాం, అంటే 4/3తో గుణించినట్టే. అరకిలో వంకాయలు 30 రూపాయలైతే కిలో 60 అని బజారులో ఎవరైనా చెబుతారు. అది 30ని అరతో భాగించడమేనని బడిలో ఎవరూ చెప్పరు. నాకు బాధ కలిగించేది ఇదే. పిల్లలు ఇంటి దగ్గర చేస్తున్న లెక్కనే బడిలో కొత్తదిగా, అర్థం లేనిదిగా నేర్చుకుంటున్నారు.

తిరగేసి గుణించే నియమం మీద నాకు కోపం లేదు. తొమ్మిదో శతాబ్దంలోనే మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో దాన్ని చెప్పాడు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. ఇన్ని తరాలు నిలిచిన పద్ధతిని పిల్లలు నేర్చుకోవాల్సిందే, కాకపోతే అర్థం తెలిశాక.

పరీక్షలో ఒక్క ప్రశ్న మార్చమని అడుగుతున్నాను. 6ని 3/4తో భాగించమనే బదులు, ఆ లెక్క అవసరమయ్యే సందర్భం రాయమనండి. ‘ఆరు లడ్డూలు ముప్పావు మందికి పంచితే’ అని ఒక పిల్ల రాస్తుంది. దానికి సున్నా వేసి వదిలేయకండి. మర్నాడు ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి, ‘మంది’ ఉన్నచోట ఏం పెడితే లెక్క కుదురుతుందో తరగతి మొత్తాన్నీ అడగండి.